బొమ్మలో నల్లగా ఉన్నచోట ఎవరున్నారు?

ఏటా దీపావళి దగ్గర పడగానే ఒక బొమ్మ మన ఫోన్లలోకి వచ్చి చేరుతుంది. నల్లటి నేల మీద భారతదేశం ఆకారం, ఊళ్లున్న చోటల్లా తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు చుక్కలు. ‘దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి మన దేశం ఇలా కనిపించింది, నాసా తీసిన ఫొటో’ అని కింద రాసి ఉంటుంది. ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇది తిరుగుతుంది. రంగుల్లో ప్రింటు తీయించి తరగతి గోడకు అంటించిన బడులూ ఉన్నాయి.

అది దీపావళి బొమ్మ కాదు. అసలు ఒక్క రాత్రి తీసిన ఫొటోయే కాదు. అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవాలో పనిచేసిన క్రిస్ ఎల్విడ్జ్ అనే శాస్త్రవేత్త 2003లో తయారుచేసిన పటం. 1992కు ముందే వెలుగున్న చోట్లకు తెలుపు, 1992లో కొత్తగా కనిపించిన వాటికి నీలం, 1998లో కనిపించిన వాటికి ఆకుపచ్చ, 2003లో కనిపించిన వాటికి ఎరుపు వేశారు. మనం టపాసుల రంగులనుకున్నవి నిజానికి సంవత్సరాల రంగులు. ఏ పట్టణం ఏ కాలంలో ఏ దిక్కుకు పెరిగిందో అవి చెబుతాయి. ఈ పుకారు ఎంత ముదిరిందంటే 2012 దీపావళికి నాసాయే కలగజేసుకుని, ఆ నవంబర్ 12న తమ ఉపగ్రహం తీసిన అసలు బొమ్మను బయటపెట్టింది. మనం పండక్కి అదనంగా వెలిగించే దీపాలు, కాల్చే చిచ్చుబుడ్లు రోజూ వెలిగే కరెంటు వెలుగు ముందు ఎంత స్వల్పమంటే, అంత ఎత్తు నుంచి ఆ తేడా బహుశా తెలియను కూడా తెలియదని వివరణ ఇచ్చింది. ఆ వివరణ ఒక్కసారి వచ్చింది. పుకారు ఏటేటా వస్తోంది.

ఈ అబద్ధాన్ని సరిదిద్దడం తేలిక, ఒక పీరియడ్ చాలు. నన్ను ఇబ్బంది పెట్టేది అసలు బొమ్మను చదివే తీరు. అసలు బొమ్మ చూపించినా మనం పిల్లలకు చెప్పేది ఒకటే: వెలుగున్నచోట అభివృద్ధి ఉంది, చీకటిగా ఉన్నచోటు వెనకబడి ఉంది. ఈ పేజీ చదివే బడులు చాలావరకు రాష్ట్రాల అంచుల్లో ఉన్నాయి. రాజధానులకు దూరంగా, పెద్ద నగరాల మధ్య నల్లగా మిగిలిపోయే జాగాల్లో ఉన్నాయి. పిల్లవాడు ముందు బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, ముంబై వెతుకుతాడు, దొరుకుతాయి. తర్వాత తన ఊరు వెతుకుతాడు. అక్కడ ఏమీ ఉండదు. ఆ క్షణాన టీచరుగారు ఏం చెబుతారన్నది చిన్న విషయం కాదని నా అభిప్రాయం. ఆ బొమ్మ ఏం కొలుస్తుందో, ఏం కొలవదో తెలియకుండా దాన్ని సాక్ష్యంగా వాడకూడదు. ఆ సంగతి చెప్పగలిగితే అంతకు మించిన సైన్సు పాఠం, సోషల్ పాఠం వేరే అక్కర్లేదు.

ముందు, ఆ బొమ్మ ఎలా వస్తుందో చూద్దాం. అంతరిక్షం నుంచి వచ్చే రాత్రి బొమ్మలు రెండు రకాలు. ఒకటి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కిటికీలోంచి వ్యోమగాములు మామూలు కెమెరాతో తీసేవి. ఆ కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పరిగెడుతూ ఉంటుంది. చీకట్లో ఫొటో తీయాలంటే షట్టరు కాసేపు తెరిచి ఉంచాలి. తెరిచి ఉంచితే ఈలోగా ఊరే జరిగిపోతుంది, దీపాలు గీతల్లా సాగిపోతాయి. 2003 ప్రాంతంలో డాన్ పెటిట్ అనే వ్యోమగామి అక్కడ చేతికందిన విడిభాగాలతోనే, కింద నేల జరిగే వేగానికి తగ్గట్టు కెమెరాను తిప్పే ఒక బిగింపు తయారుచేసుకున్నారు. అప్పటినుంచే నగరాల వీధులు గుర్తుపట్టేంత స్పష్టమైన ఫొటోలు రావడం మొదలైంది. మరమ్మతు పెట్టెలోంచి పుట్టిన ఈ పరికరం కథ పిల్లలకు చెప్పి చూడండి, సుద్దముక్క అవసరం ఉండదు.

రెండో రకం, ఉపగ్రహాలు తీసేవి. వీటి పుట్టుక ఇంకా విచిత్రం. అమెరికా సైన్యం తన వాతావరణ ఉపగ్రహాలకు వెన్నెల్లో మేఘాలను చూడగల పరికరం పెట్టుకుంది. వెన్నెల్లో మేఘం కనిపించేంత సున్నితమైన కన్నుకు ఊళ్ల దీపాలు కనిపించకుండా ఉంటాయా? మేఘాల కోసం తీసిన బొమ్మల్లో నగరాలు అడగకుండానే వచ్చి కూర్చున్నాయి. 1978లో థామస్ క్రాఫ్ట్ అనే పరిశోధకుడు సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వీటి గురించి రాశాకే బయటి ప్రపంచానికి బాగా తెలిసింది. 2011 అక్టోబర్‌లో సువోమీ ఎన్‌పీపీ అనే కొత్త ఉపగ్రహం ఎగిరింది. 824 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే దీని కన్ను పాతదానికన్నా ఎంతో నిశితమైనది. 2012 డిసెంబర్‌లో ‘బ్లాక్ మార్బుల్’ పేరుతో విడుదలైన ప్రపంచ పటం దీనిదే.

ఆ పటం ముందు నిలబెట్టి పిల్లలను ఒక ప్రశ్న అడగాలి. భూమి మొత్తానికి ఒకేసారి రాత్రి అవుతుందా? కాదు కదా, మరి ఈ బొమ్మ ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. ఏప్రిల్‌లో 9 రోజులు, అక్టోబర్‌లో 13 రోజులు, మొత్తం 312 ప్రదక్షిణలలో మబ్బు లేని ముక్కలు ఏరి కుట్టిన బొంత అది. దాంట్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో మనుషులు పెద్దగా లేని చోట కూడా వెలుగులు కనిపిస్తాయి. అవి ఆ రోజుల్లో రేగిన కార్చిచ్చులు. జపాన్, కొరియా మధ్య సముద్రంలో వెలుగులు కనిపిస్తే అది ఏ దీవి అని వెతక్కండి, చేపలను ఆకర్షించడానికి దీపాలు కట్టుకుని వేటకెళ్లిన పడవలు. గల్ఫ్ దేశాల్లో ఊరు లేని చోట మెరిసేవి చమురు బావుల దగ్గర తగలబెట్టే వాయువు మంటలు. వెలుగున్న చోటల్లా ఊరు ఉందనుకోవడం ఇక్కడే చెదిరిపోతుంది.

వేళ సంగతి ఇంకా ముఖ్యం. ఈ కొత్త ఉపగ్రహం ఏ ప్రాంతం మీదికైనా రాత్రి సుమారు ఒంటిగంటన్నరకు వస్తుంది. మన పల్లెల్లో ఆ వేళకు వెలుగుతూ ఉండేదేమిటి? ఏడింటి నుంచి పదింటి దాకా ప్రతి ఇంట్లో వెలిగిన బల్బు, దాని కింద జరిగిన చదువు, వంట, బీడీలు చుట్టడం, పూలు కట్టడం అన్నీ అయిపోయి ఊరు పడుకున్నాక ఉపగ్రహం వచ్చి చూస్తుంది. మనుషులు లేని రోడ్డు మీద వెలిగే స్తంభం దానికి కనిపిస్తుంది. మనుషులు మేలుకుని ఉన్నప్పటి దీపం కనిపించదు. పాత సైనిక ఉపగ్రహాలు ఎక్కువగా రాత్రి తొలిజాములో బొమ్మలు తీసేవి. అందుకే పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ పక్కపక్కన పెట్టి ‘ఇదిగో తేడా’ అనడానికి వీల్లేదు. వేదికల మీద అలా అనేవాళ్లు మాత్రం కొల్లలు.

ఇంకొకటి. అది చూసేది పైకి వచ్చే వెలుగునే. భివండీ ఉదాహరణ తీసుకోండి. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరాల కిందట వెళ్లిన మనవాళ్లు అక్కడి మరమగ్గాల మీద రాత్రి పాళీ చేస్తారు. రేకుల షెడ్డు కింద ట్యూబులైటు వెలుతురులో తెల్లవార్లూ మగ్గం ఆడుతుంది. ఆ వెలుతురులో చాలామటుకు పైకప్పును దాటి బయటికి రాదు. హైవే పక్కన ఎవరూ చూడని వేళలో కింది నుంచి పైకి ఫ్లడ్‌లైట్లు కొట్టే హోర్డింగు మాత్రం ఆకాశానికి చక్కగా కనిపిస్తుంది. మనిషి మేలుకుని పనిచేసే చోటు మసకగా, ప్రకటన బోర్డు మిలమిలా. అదే పటాన్ని చూసి మనం ఆర్థిక ప్రగతి గురించి ఉపన్యాసాలిస్తాం.

ఆ ఉపన్యాసాలకు ఆధారమే లేదనను. 2012లో హెండర్సన్, స్టోరిగార్డ్, వెయిల్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు రాత్రి వెలుగుల పెరుగుదలతో దేశాల ఆదాయ వృద్ధిని అంచనా కట్టే పద్ధతి ప్రచురించారు. లెక్కలు సరిగా రాయని దేశాల్లో, లెక్కలు మార్చి రాసే దేశాల్లో అది బాగా పనికొస్తుంది. అయితే వారి లెక్క ప్రకారమే వెలుగు 10 శాతం పెరిగితే ఆదాయం 10 శాతం పెరగదు, సుమారు 3 శాతం పెరుగుతుంది. అది కూడా దేశం మొత్తం మీద చూసినప్పుడు. ఊరికీ ఊరికీ పోటీ పెట్టే తూకం కాదది. తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ మిన్ బృందం ప్రపంచ బ్యాంకుతో కలిసి మన దేశంలో ఆరు లక్షల పల్లెల 20 ఏళ్ల రాత్రి వెలుగులను ఒకచోట చేర్చింది. విద్యుదీకరణ కాగితాల మీద ఎంత, నేల మీద ఎంత అని అడగడానికి అలాంటివి బాగా ఉపయోగపడతాయి. 2018 ఏప్రిల్‌లో దేశంలో కరెంటు రాని ఊరంటూ లేదని ప్రకటన వచ్చినప్పుడు, పదిళ్లలో ఒక ఇంటికి, బడి వంటి ఉమ్మడి చోట్లకు కరెంటు వస్తే ఊరికి వచ్చినట్టేనన్నది లెక్క. తీగ రావడం వేరు, దాంట్లో కరెంటు ఎన్ని గంటలుంటుందన్నది వేరు. ఈ తేడా మన పిల్లలకు మనం చెప్పక్కర్లేదు, పరీక్షల ముందు రాత్రులు వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

సరిహద్దుల సంగతి మన బడులకు ప్రత్యేకంగా దగ్గరిది. 2011లో అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన ఒక ఫొటోలో భారత్, పాకిస్తాన్ మధ్య నారింజ రంగు గీత వంకర్లు తిరుగుతూ పోతుంది. కంచె వెంబడి వేసిన ఫ్లడ్‌లైట్లవి. రాత్రిపూట పైనుంచి కంటికి కనిపించే దేశాల సరిహద్దులు ప్రపంచంలో అరుదు, అందులో ఇదొకటి. 2014 జనవరిలో తీసిన ఇంకో ఫొటోలో దక్షిణ కొరియా, చైనాల మధ్య ఉత్తర కొరియా సముద్రంలో కలిసిపోయినట్టు నల్లగా ఉంటుంది, రాజధాని ప్యాంగ్యాంగ్ చిన్న చుక్క. ఇలాంటివి చూశాక పిల్లలు రాష్ట్రాల సరిహద్దులూ వెతుకుతారు. వెతకనివ్వండి. 1936లో ఒడిశా, 1953లో బళ్లారి, 1956లో మిగతావన్నీ ఎక్కడ ఎలా గీశారో ఆ గీతల్లో ఒక్కటీ దొరకదు. బెంగళూరు వెలుగు ఎలక్ట్రానిక్ సిటీ దాటి, అత్తిబెలె దాటి హోసూరు దాకా వస్తుంది. మధ్యలో కన్నడనాడు ఎక్కడ ఆగిందో, తమిళనాడు ఎక్కడ మొదలైందో వెలుగుకు తెలియదు. హోసూరులో తెలుగు మాట్లాడే ఇల్లు ఏది, తమిళం మాట్లాడే ఇల్లు ఏది అన్నది అసలే తెలియదు. దీన్ని చూసి మురిసిపోవాల్సిన పని కూడా లేదు. బొమ్మలో కనిపించనంత మాత్రాన పరీక్ష రాసే భాష, ఉద్యోగానికి అడిగే సర్టిఫికెట్టు మారిపోవు. పటంలో లేనివి జీవితంలో ఎన్ని ఉంటాయో పిల్లలకు తెలియడానికి మాత్రం ఇది మంచి చోటు.

యానాం బడుల్లో ఇదే విషయాన్ని లెక్కల పీరియడ్‌లో చేయించవచ్చు. యానాం విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. కొత్త ఉపగ్రహం బొమ్మలో ఒక గడి భుజం సుమారు 750 మీటర్లు. ఒక గడి వైశాల్యం 0.56 చదరపు కిలోమీటర్లు. అంటే యానాం మొత్తం యాభై మూడు గడుల్లో సరిపోతుంది. పాత ఉపగ్రహం పటాల్లో గడి భుజం 2.7 కిలోమీటర్లు, అందులో యానాం వాటా నాలుగు గడులు. ఒక జిల్లా, దాని గోదావరి ఒడ్డు, దాని ఫ్రెంచి చరిత్ర, దాని బడులు, సంత, అన్నీ నాలుగు గడుల్లో. పైగా పాత పరికరంలో వెలుగు పక్క గడుల్లోకి చిమ్మేది. ఆ పటంలో యానాం కనిపించడం లేదంటే తప్పు ఎవరిది, యానాందా, గడిదా?

ఇప్పుడు ఈ బొమ్మలు నిజంగా మేలు చేసిన సందర్భం ఒకటి. 2019 మే 3న ఫొని తుపాను పూరీ దగ్గర తీరం దాటింది. తుపానుకు ముందు ఏప్రిల్ 30నాటి, తర్వాత మే 5నాటి రాత్రి బొమ్మలను నాసా పక్కపక్కన పెట్టి చూపింది. భువనేశ్వర్, కటక్ నగరాల వెలుగు ఒక్కసారిగా సన్నగిల్లడం కళ్లకు కట్టింది. రోడ్లు తెగి, ఫోన్లు పలకని వేళ ఎక్కడ కరెంటు పోయిందో, ఎక్కడ తిరిగి వస్తోందో ఇలా ఆకాశం నుంచి చూడవచ్చు. ఎవరి దగ్గరికి ముందు పోవాలో తేల్చుకోవడానికి ఇది గొప్ప సాయం. కానీ ఆ రెండు బొమ్మలను మళ్లీ ఒకసారి చూడండి. తుపానుకు ముందు వెలుగున్న చోటే తేడా తెలుస్తుంది. ముందే నల్లగా ఉన్న తీరపు పల్లె తర్వాతా నల్లగానే ఉంటుంది. ఇల్లు ఎగిరిపోయినా బొమ్మ మారదు. దీపం లేని ఊళ్లో దీపం ఆరిందని ఎవరికీ కనిపించదు. ఈ పద్ధతి మీదే ఆధారపడి సాయం పంపితే అందరికన్నా చివర ఎవరికి అందుతుందో ఒడిశా తీరంలో ఉన్న మన బడులవారికి వేరే చెప్పాలా? అందుకే ఈ పటం పక్కన ఇంకో రెండు పటాలు ఉండాలి. జనం ఎంతమంది అన్నది ఒకటి, ఇళ్లు ఎలాంటివి అన్నది ఇంకొకటి. ఆ రెంటినీ మనుషులే తిరిగి రాయాలి, ఉపగ్రహం రాయదు.

పరికరం చూడని రంగు కూడా ఒకటుంది. కొత్త ఉపగ్రహపు కన్ను నీలి వెలుగును పట్టుకోలేదు. మన వీధుల్లో పాత నారింజ రంగు సోడియం దీపాలు తీసి తెల్లటి ఎల్‌ఈడీలు బిగిస్తున్నారు. హుద్‌హుద్ తర్వాత విశాఖపట్నం మొత్తం అలా మారింది, ఇప్పుడు దేశమంతటా మారుతోంది. ఎల్‌ఈడీ వెలుగులో నీలి పాలు ఎక్కువ. దాంతో ఊరి ఆకాశం మన కంటికి మునుపటికన్నా తెల్లబడుతుంటే ఉపగ్రహం లెక్కలో ఆ ఊరు మసకబారినట్టు పడవచ్చు. 2017లో క్రిస్టఫర్ కైబా బృందం ఈ ఉపగ్రహ లెక్కలతోనే 2012 నుంచి 2016 దాకా భూమ్మీద రాత్రి వెలిగే విస్తీర్ణం ఏడాదికి 2.2 శాతం పెరిగిందని తేల్చింది. అదే కైబా 2023లో ఇంకో లెక్క చెప్పారు. ఈసారి ఉపగ్రహంతో కాదు, ప్రపంచం నలుమూలలా మామూలు జనం తమ కళ్లతో చుక్కలు చూసి పంపిన యాభై ఒక్క వేల పైచిలుకు పరిశీలనలతో. ఆ లెక్క ప్రకారం 2011, 2022 మధ్య ఆకాశం ఏడాదికి సగటున 9.6 శాతం తెల్లబడుతూ వచ్చింది. ఇవాళ 250 చుక్కలు కనిపించే చోట పుట్టిన పిల్లకు 18 ఏళ్లు వచ్చేసరికి అక్కడ 100 మాత్రమే కనిపిస్తాయి. కోట్లు పోసి ఎగరేసిన పరికరానికి చిక్కనిది డాబా మీద నిలబడి లెక్కపెట్టిన వాళ్లకు చిక్కింది. ఈ సంగతి నాకు భలే నచ్చింది.

ఇంతకీ పైనుంచి మనం చూసి మెచ్చుకునే ఆ మిలమిల ఏమిటి? నేల మీద పడాల్సింది పోయి పైకి పోయిన వెలుగు. అందులో కొంత రోడ్డు మీద పడి తిరిగి లేచినది, మిగతాది మూత లేని దీపాల నుంచి నేరుగా పారబోసినది. డబ్బు పెట్టి కొన్న కరెంటు. ఆ మిలమిల ఖరీదు కట్టేవాళ్లలో మనుషులు కానివాళ్లూ ఉన్నారు. గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయని ఆ వైపు పిల్లలందరికీ తెలుసు. ఒడియావారు నోళియాలని పిలిచే మన తెలుగు జాలరుల పల్లెలు ఆ తీరం వెంబడి ఉన్నాయి. నలభై అయిదు, యాభై రోజులకు గుడ్డు చీల్చుకుని ఇసుకలోంచి వచ్చే పిల్లలకు ఒకటే దిక్సూచి: ఎటు వెలుగుంటే అటు పోవడం. యుగాలుగా రాత్రిపూట తీరంలో వెలుగుండేది సముద్రం వైపే. ఇప్పుడు వెనకవైపు రోడ్డు దీపాలు, ఫ్యాక్టరీ దీపాలు, ఊరి దీపాలు. అవి అటు నడుస్తాయి. తెల్లవారితే కాకులకు, కుక్కలకు, ఎండకు బలి. ఆ రోజుల్లో స్థానిక కుర్రాళ్లు రాత్రంతా మేలుకుని, దారితప్పిన పిల్లలను బకెట్లలో ఎత్తి నీళ్లలో వదులుతారు. ఆ తీరం అంతరిక్షం బొమ్మలో నల్లగా ఉంటే అది వెనకబాటా? ఏడాదిలో ఆ కొద్ది వారాలు నల్లగా ఉంచడానికే అక్కడివాళ్లు దీపాలార్పమని బతిమాలుతున్నారు.

చీకటి కోసమే వెతుక్కుని వెళ్లినవాళ్లు ఇంకా ఉన్నారు. తమిళనాడులో జవ్వాది కొండల్లోని కావలూరులో 1986 నుంచి పనిచేస్తున్న 2.34 మీటర్ల టెలిస్కోపు వైను బప్పు చలవ. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు, బప్పు చదువు ఆ ఊళ్లోనే సాగింది. బేగంపేటలోని ఆ అబ్జర్వేటరీని నగరం వెలుగు చుట్టుముట్టాక పెద్ద టెలిస్కోపును ఊరికి దూరంగా రంగాపూరులో పెట్టుకోవాల్సి వచ్చింది. 2022లో లడఖ్‌లోని హాన్లే చుట్టుపక్కల ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2024లో మహారాష్ట్ర వైపు పెంచ్ పులుల అడవికి అలాంటి గుర్తింపే వచ్చింది. మనం సిగ్గుపడే నలుపుకు ప్రభుత్వాలు ఇప్పుడు బోర్డులు కట్టి కాపలా పెడుతున్నాయి.

ఇక్కడ ఒక మాట వస్తుందని తెలుసు. ‘మా వీధికి స్తంభం వేయమని రెండేళ్లుగా తిరుగుతున్నాం, మీరు చీకటి గొప్పంటారేమిటి?’ న్యాయమైన మాటే. ట్యూషన్ నుంచి ఎనిమిదింటికి ఇంటికొచ్చే ఆడపిల్లకు దారిలో దీపం ఉండి తీరాలి. అందులో బేరం లేదు. అయితే ఆ దీపం ఆమె కాళ్ల ముందు పడాలా, కాకులు దూరని ఆకాశంలో పడాలా? పైన మూత ఉన్న దీపం, కిందికి వంచిన దీపం తక్కువ కరెంటుతోనే దారిని బాగా చూపిస్తుంది. కళ్లలోకి కొట్టే దీపం కింద గుంత కూడా కనిపించదు, బండి నడిపేవాళ్లను అడగండి. స్తంభం కోసం అర్జీ పెట్టేటప్పుడే మూత గురించి ఒక వాక్యం రాయండి, ఖర్చు పెరగదు.

బడిలో దీన్ని ఎలా చేయాలన్నది ఉపాధ్యాయులకు నేను చెప్పేదేమీ లేదు గానీ, ఒక సౌలభ్యం గుర్తుచేస్తాను. మన బడులకు తెలుగు పాఠ్యపుస్తకాలు జూన్‌లో చేరితే అదృష్టం. ఈ బొమ్మలకు భాష లేదు. నాసా తన రాత్రి బొమ్మలను ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టింది, ఏ తేదీ కావాలంటే ఆ తేదీది తెరవవచ్చు. బళ్లారి పిల్లవాడు కన్నడంలో, సోలాపూర్ పిల్ల మరాఠీలో, బరంపురం పిల్లవాడు ఒడియాలో నేర్చుకున్న భూగోళం ఏదైనా ఈ బొమ్మ ముందు పనికొస్తుంది. దాని గురించి తెలుగులో మాట్లాడుకుంటే చాలు.

పైనుంచి కిందికి చూశాక, కింది నుంచి పైకి చూడమనండి. పెళ్లిలో పురోహితుడు అరుంధతిని చూపించే తంతు అందరికీ తెలుసు. సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన ఆనుకుని ఉండే ఆ సన్నటి చుక్క నగరం నడిబొడ్డున చాలామందికి కనిపించదు, కనిపించిందని తలూపి అక్షింతలు వేయించుకుంటారు. ఎన్ని ఊళ్లలో అరుంధతి ఇంకా కనిపిస్తోందో లెక్క తీస్తే అదే ఒక మంచి పటం. ఇళ్లలో అమ్మమ్మలకు పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్క తెలుసు. హోసూరు పిల్లలకు బడిలో విణ్మీన్, ఇంట్లో చుక్క. ఆకాశంలో కనిపించకుండా పోయిన చుక్క పేరు ఇంట్లో ఎన్నాళ్లు నిలుస్తుంది? పాఠ్యపుస్తకంలో లేని ఈ పేర్లకు అమ్మమ్మ నోరే నిఘంటువు కాబట్టి, అడగడం ఆలస్యం చేయకూడదు.

ఫిబ్రవరిలో బహుళ పక్షం చివరి వారం ఇందుకు బాగుంటుంది. రాత్రి ఎనిమిదింటికి వేటగాడి చుక్కలు బాగా ఎత్తున ఉంటాయి. నాలుగు మూలలా నాలుగు పెద్ద చుక్కలు, అందులో ఎర్రగా ఉన్నది ఆరుద్ర. నడుమ వరుసగా మూడు. మూలల్లో ఉన్న నాలుగింటిని వదిలి, ఆ చట్రం లోపల ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టాలి. చీకట్లో పది నిమిషాలు ఫోను చూడకుండా నిలబడ్డాకే మొదలుపెట్టాలి. పదిలోపు వస్తే ఆ ఊరి వెలుగు ఆకాశాన్ని బాగా తినేసినట్టు. ముప్పై దాటితే ఆ ఊరు అంతరిక్షం బొమ్మలో నల్లగానే ఉండి ఉంటుంది. హోసూరు, బళ్లారి, బరంపురం, యానాం, సోలాపూర్ బడులు ఒకే వారంలో లెక్కపెట్టి, ఊరి పేరు, తేదీ, వేళ, చుక్కల సంఖ్య, ఆ మూడు చుక్కలను ఇంట్లో పెద్దవాళ్లు ఏమని పిలుస్తారో ఒక కార్డు మీద రాసి ఈ పేజీకి పంపితే అన్నీ ఒకే పట్టికలో అచ్చువేయవచ్చు.